పిట్ట ముట్టని మాట

మిర్యాలగూడలో దామోదర్ ఏం పని చేస్తాడని అడిగితే సగం మంది మిలట్రీ అంటారు. మిగతా సగం దుబాయ్ అంటారు. ఓడలో పని అని ఓపిగ్గా చెబితే, "ఓ, నేవీనా" అని మళ్లీ మిలట్రీ దగ్గరికే వస్తారు. రైలెక్కి ఒక పూటంతా పోతే గానీ సముద్రం మొహం కనపడని ఊరు అది. అక్కడి వాళ్లకు సరుకు మోసే ఓడలుంటాయి, వాటి తాళ్లు లాగడానికీ చుక్కాని పట్టడానికీ జీతగాళ్లుంటారు అని నమ్మించడం అయ్యే పని కాదు. దామోదర్ ఆ ప్రయత్నం ఎప్పుడో మానుకున్నాడు. మిలట్రీనా అని ఎవరైనా అడిగితే తలూపి ఊరుకుంటాడు.

అతని పని గురించి పూర్తిగా తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే ఉండేది. వాళ్లమ్మ అంజమ్మ.

అంజమ్మ రైస్‌మిల్లులో పని చేసేది. ఉడకబెట్టిన వడ్లను సిమెంటు కల్లంలో ఎండబోస్తారు. వాటిని పాదాలతో సాళ్లు సాళ్లుగా తిరగేస్తూ పొద్దంతా నడవాలి. కాళ్లు వడ్లలో ఉన్నా ఆమె కళ్లు మాత్రం గేటు దగ్గర ఆగే లారీల మీద ఉండేవి. "గీ బియ్యం యాడికి వోతయి?" అని వచ్చిన ప్రతి డ్రైవర్నూ అడిగేది. కాకినాడ పోర్టుకు అనేవాళ్లు. ఆ తర్వాత? ఓడెక్కుతాయి. ఓడ ఎటు పోతుంది? ఆఫ్రికాకు అన్నాడొకడు. "గాళ్లు మన బియ్యంల ఏం కూర ఏస్కొని తింటరు?" అని అడిగింది. ఆ డ్రైవర్ నవ్వి లారీ ఎక్కాడు. "నీకెందుకమ్మా పంచాయితీ, బియ్యం మనయి గావు, ఓడ మనది గాదు" అని ఒక పెద్దమనిషి విసుక్కున్నాడు. ఆమె ఏమీ నొచ్చుకోకుండా వెనక వచ్చిన లారీ దగ్గరికి పోయింది.

ఆ కూర సంగతి తేల్చుకోవడానికే కొడుకును ఓడెక్కించిందని ఆమె భర్త మట్టయ్య ఎగతాళి చేసేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. దామోదర్ ఇంటర్ రెండుసార్లు తప్పి, ఖాళీగా తిరగడం కన్నా నయమని బియ్యం లారీ మీద క్లీనర్‌గా కాకినాడ పోయాడు. రేవులో ఓడను చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తిరిగొచ్చాక వాళ్లమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. అంత ఇనుము నీళ్లల్ల ఎందుకు మునగదు? లోపల వంట ఎక్కడ చేస్తారు? ఎవరికన్నా పానం బాగలేకుంటే ఎట్లా? అతనికి తెలిసింది రెండు రోజుల్లో అయిపోయింది. తెలియనిది మాత్రం తల్లీకొడుకులిద్దరినీ కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ ఏడాదే అతను విశాఖపట్నం పోయి నావికుల కోర్సులో చేరాడు. తల్లి బుద్ధి కొడుక్కి వచ్చిందని మిల్లులో అందరూ నవ్వుకున్నారు.

నవ్వనిది ఒక్క విజయ. ఆమె దామోదర్‌కు అక్క, కోదాడలో ఇచ్చారు. కోదాడ నీళ్లు తాగి తాగి ఆమె మాటలో సగం అవతలి జిల్లా యాసలోకి పోయింది గానీ, కోపం వస్తే పుట్టిల్లు బయటపడుతుంది. తమ్ముడు ఓడెక్కడం ఆమెకు మొదటి రోజు నుంచీ భయమే. గాలివాన అని టీవీలో వస్తే చాలు, అది ఏ సముద్రంలోనైనా సరే, ఆమెకు ముద్ద దిగదు. "భూమ్మీద పని దొరకలేదా నీకు?" అని ప్రతిసారీ అడిగేది. అతను ప్రతిసారీ నవ్వి ఊరుకునేవాడు.

బొగ్గు ఓడలు, ఎరువుల ఓడలు, ఒకసారి నిజంగానే ఆఫ్రికా పోయే బియ్యం ఓడ. అట్లా చాలా ఏళ్లు తిరిగాక, అంటార్కిటికాకు పోయే ఓడలో ఖాళీ ఉందని తెలిసింది. అక్కడ మన దేశపు సైంటిస్టులు ఉండే కేంద్రానికి డీజిలు, తిండి సామాన్లు, యంత్రాలు చేరవేసే ఓడ అది. మంచును చీల్చుకుంటూ పోవాలి. చలి ఎక్కువ, పని ఎక్కువ, జీతం మాత్రం పాతదే. తెలివైనవాడెవడూ పోడు. దామోదర్ ఆ రోజే సరేనన్నాడు.

"గా దేశం పేరేంది?" అని అంజమ్మ ఫోన్లో అడిగింది.

"అంటార్కిటికా."

"ఎవరేలుతున్నరు?"

"ఎవ్వరు ఏలరమ్మా. రాజు లేడు, సర్కారు లేదు."

"మరి భూమి పట్టా ఎవరి పేరు మీదున్నది?"

"ఎవరి పేరు మీద లేదు."

"గంత భూమి ఎవ్వరు కబ్జా పెట్టకుంట ఎట్లిడిసిండ్రురా?" అంది. పెద్ద పెద్ద దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నది దాని గురించే అని చెబితే ఆమె చాలా సంతోషపడింది. మాటలన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేసేముందు, ఎప్పటిలాగే, "ఎప్పుడొస్తవ్ బిడ్డా?" అని అడిగింది.

ఆ నేల మీద కాలు పెట్టడానికి ఉన్నన్ని కట్టుబాట్లు దేవుడి గుళ్లో కూడా లేవు. దిగేముందు అందరి బట్టలూ సంచులూ దుమ్ము లాగే గొట్టం మిషను పెట్టి దులిపారు. బయటి గింజ ఒక్కటి కూడా ఆ నేలలో పడకూడదట. దామోదర్ సంచి కుట్లలోంచి రెండు వడ్లగింజలు బయటపడ్డాయి. మిర్యాలగూడ వడ్లు భూగోళం కింది అంచు దాకా ఎట్లా వచ్చాయో ఆఫీసరుకు అర్థం కాలేదు. వాటిని చిన్న కవరులో వేసి మూతి అంటించి తీసుకుపోయాడు. మంచు మీద మెతుకు పారేయకూడదు, పక్షికి గానీ జంతువుకు గానీ ఏమీ పెట్టకూడదు, వాటి దగ్గరికి పోకూడదు. తప్పు చేస్తే మళ్లీ ఏ ఓడా ఎక్కనివ్వరు.

పని కూడా అట్లాగే ఉండేది. తాళ్లు గడ్డకట్టి కర్రల్లా అయ్యేవి. డెక్కు మీద పేరుకున్న మంచును చెక్క సుత్తులతో కొట్టి రాలగొట్టాలి, లేకపోతే ఆ బరువుకే ఓడ ఒరుగుతుంది. ఓడ ముక్కు దగ్గర నిలబడి ముందున్న మంచు పలుచనిదా, మందమైనదా అని కనిపెట్టి పైకి చెప్పాలి. పొద్దు గుంకేది లేదు, ఆకాశంలో అట్లా పక్కపక్కకు తిరుగుతూ ఉండేది. దామోదర్ ఇంత సుఖంగా ఎప్పుడూ లేడు. సముద్రం మీద గడ్డకట్టిన మంచు ఉప్పగా ఉంటుందా అని ఎవరూ చూడకుండా నాలుక పెట్టి చూశాడు. పెంగ్విన్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తూ అతన్ని పట్టించుకోకుండా పోతుంటే, మిల్లు కల్లంలో ఆడవాళ్లు నడిచినట్టుందని అమ్మకు చెప్పి ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అది వాళ్లిద్దరూ నవ్విన ఆఖరుసారి. అంజమ్మ కల్లంలోనే కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు గానీ కళ్లు తెరవలేదు. విజయ ఫోన్ చేసేసరికి ఓడ మంచుగోడకు కట్టేసి ఉంది. సామాను దింపడం సగం కూడా కాలేదు. అక్కణ్నుంచి కదలడానికి ఇంకో దారి లేదు. కప్తాను పిలిచి, భుజం మీద చేయి వేసి, నాలుగు రోజులు పనికి రావద్దన్నాడు. దామోదర్ పనే కావాలన్నాడు. తాళ్లు దాచే గదిలోకి పోయి తలుపు వేసుకుని, గోడకు తల ఆనించి గట్టిగా ఏడ్చాడు.

కొరివి మట్టయ్య పెట్టాడు. మూడో రోజు పిట్టకు పెట్టాలి.

ఇది ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి అందరూ దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తిన్నట్టే, తృప్తిగా పోయినట్టే. ముట్టకపోతే ఏదో ఆశ మిగిలిపోయిందని లెక్క. అప్పుడు దగ్గరివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు. నీ బిడ్డను మేం చూసుకుంటాం, నీ పొలం అమ్మం, నువ్వనుకున్నది మేం చేస్తాం. సరైన మాట పడగానే కాకి దిగుతుందని నమ్మకం. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ మెతుకు ముట్టరు.

వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట, బూడిద కలిపి ఒడ్డు మీద విస్తరి పెట్టారు. ఓడలో ఈ మధ్యే ఇంటర్నెట్టు పెట్టారు కాబట్టి విజయ భర్త ఫోన్ పట్టుకుని అంతా చూపిస్తున్నాడు. అన్నం, మటను కూర, గారెలు, ఆకువక్క. కొంచెం దూరంలో తుమ్మచెట్టు, దాని మీద కాకులు. మెడ వంచి చూస్తున్నాయి గానీ ఒక్కటీ దిగడం లేదు.

మేనమామ మాట ఇచ్చాడు. దిగలేదు. మట్టయ్య ముందుకొచ్చి, "ఇగ కల్లు ముట్ట" అన్నాడు. ఆ మాటను మనుషులే నమ్మలేదు, కాకి ఏం నమ్ముతుంది. ఎండ ముదిరింది. పిల్లలు ఆకలికి గునుస్తున్నారు. ఒక్కొక్కరే తలలు తిప్పి ఫోన్ వైపు చూడటం మొదలుపెట్టారు.

విజయ ఫోన్ తీసుకుంది. "తమ్ముడూ, అమ్మ ఆశంతా నీ మీదే. ఇక ఓడెక్కనని చెప్పు."

"అమ్మ గట్లన్నదా?"

"అనాలా? ఫోన్ పెట్టిన ప్రతిసారీ ఎప్పుడొస్తాడో అని కూసునేది. నేను చూళ్లేదా?"

"ఎప్పుడొస్తవ్ అని అడిగింది గని, పోవద్దని ఎన్నడన్లే అక్కా."

"గిప్పుడు లాపాయింట్లు జెప్పకు నాకు!" కోపం వచ్చింది, పుట్టిల్లు బయటపడింది. "కొడుకువై ఉండి కొరివి పెట్టనీకి రాకపోతివి. ఆమె ఆకలితో గాడ నిలవడ్డది. ఒక్క మాట జెప్పనీకి నీ సొమ్మేం బోయింది?"

వెనకాల మట్టయ్య మొహం కనిపించింది. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని విస్తరినే చూస్తున్నాడు. ఆయన్ని చూశాక దామోదర్ వల్ల కాలేదు.

"సరే," అన్నాడు. "అమ్మా, ఇగ ఓడెక్క. ఇదే ఆఖరు. వచ్చి తిను."

సరిగ్గా వినపడాలని బావ ఫోన్‌ను విస్తరి దాకా మోసుకుపోయి, స్పీకరు పెట్టి, ఇంకోసారి చెప్పించాడు. తర్వాత అందరూ వెనక్కి జరిగారు. ఒక కాకి దిగింది. గెంతుకుంటూ విస్తరి అంచు దాకా వచ్చింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. మెతుకైనా ముట్టకుండా లేచి కృష్ణ దాటి అవతలి ఒడ్డుకు పోయింది. మిగతా కాకులన్నీ దాని వెంటే పోయాయి.

ఫోన్ చూసి బెదిరిందని ఒకరన్నారు. మాట ఎదురుగా నిలబడి ఇవ్వాలి గానీ ఫోన్లో చెల్లదని ఇంకొకరు. చివరికి అన్నం ఆవుకు పెట్టి, మిగిలింది నీళ్లలో కలిపి, ఇక చేసేదేముందని అందరూ తిన్నారు. మట్టయ్య ఒక్కడు తినలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. చాయ తాగుతున్నాడు, అరటిపండు తింటున్నాడు, అన్నం పెడితే పళ్లెం జరిపేస్తున్నాడు. "మీయమ్మ ముట్టని అన్నం నేనెట్ల ముడత?" అంటున్నాడట. విజయ రోజూ ఈ సంగతి చెప్పి ఏడ్చేది. చెప్పినప్పుడల్లా దామోదర్‌కు తన ముందున్న అన్నం చేదయ్యేది.

అంతకన్నా వేధించింది ఇంకొకటి. అమ్మ ఎందుకు ముట్టలేదు? తను మనసులో లేనిది చెప్పాడని కనిపెట్టిందా? లేక ఆ మాటే ఆమెకు ఇష్టం లేదా? లేక అవతలి ఒడ్డున ఆ కాకికి ఇంకేదైనా మంచి తిండి కనపడి పోయిందా? సామాను దింపుతుంటే ఇదే ఆలోచన, సుత్తితో మంచు కొడుతుంటే ఇదే ఆలోచన. పిట్ట ముట్టలేదు కాబట్టి మాట చెల్లినట్టా, చెల్లనట్టా? అమ్మ పోయిన బాధలో ఓడ గురించి ఆలోచిస్తున్నందుకు సిగ్గుగా ఉండేది. ఆలోచించకుండా ఉండడం మాత్రం చేతకాలేదు. ఎదురుగా మంచులో నల్లగా నీటిపాయ ఒకటి విచ్చుకుంటే, దీన్ని మళ్లీ చూడనా అని గుండె కలుక్కుమనేది.

డెక్కు మీద పనివాళ్లకు పెద్ద హీరాలాల్, గుజరాతీ. ఓడల్లో అతన్ని సారంగు అంటారు. వాళ్ల వైపు కూడా పెద్దలకు పెట్టేటప్పుడు కాకిని పిలుస్తారట. దామోదర్ తన సందేహాన్ని హిందీలో అతని ముందు పెట్టాడు. హీరాలాల్ బీడీ ఆరిపోయేదాకా ఆలోచించాడు. ఇద్దరి మధ్య బేరం, ఒకరు ఇస్తామన్నారు, రెండోవారు పుచ్చుకోలేదు, ఇక బేరమెక్కడుంది అన్నాడు. ఆ మాట దామోదర్‌కు నచ్చింది. నచ్చిన మాట గనుకనే దాన్ని నమ్మబుద్ధి కాలేదు.

దినాలు చేసే రోజు వచ్చింది. ఆ పొద్దున ఊళ్లో మళ్లీ పిట్టకు పెడతారు. దామోదర్ ధైర్యం చేసి చీఫ్ ఆఫీసరు దగ్గరికి పోయి, మంచు మీద గుప్పెడు అన్నం పెట్టనిస్తారా అని అడిగాడు. ఎందుకో కూడా చెప్పాడు. ఆయన నిదానంగా విని, తన తల్లి పోయినప్పుడు తనూ సముద్రం మీదే ఉన్నానని చెప్పి, అయినా కుదరదన్నాడు. రెండు వడ్లగింజలకే కవరు అంటించినవాళ్లు గుప్పెడు మెతుకులకు ఒప్పుకుంటారని దామోదర్ కూడా అనుకోలేదు. సరే సార్ అని వచ్చేశాడు.

వంటవాడికి మాత్రం మనసు ఆగలేదు. ఉన్న మినప్పప్పు నానేసి నాలుగు గారెలు చేసిచ్చాడు. పెట్టడానికి కాదు, నువ్వు తినడానికి అన్నాడు. దామోదర్ ఒకటి చేతిలో పట్టుకుని, వెనక డెక్కు మీది సామాన్ల గదిలో కూర్చుని తిందామని బయటికొచ్చాడు. పది అడుగులు నడవాలి. సగం దారిలో, ఓడ అంచు కమ్మీ మీద ఒక పక్షి కనపడింది.

స్కువా అంటారు దాన్ని. మట్టి రంగు, కాకికి రెండింతలు ఉంటుంది, ముక్కు కొస వంకీ తిరిగి ఉంటుంది. పెంగ్విన్ల గుడ్లు దొంగిలించి బతుకుతుంది, మనిషంటే భయం లేదు. ఆ చుట్టుపక్కల కాకి బుద్ధులున్న పిట్ట అదొక్కటే. అది తల పక్కకు వంచి అతన్ని చూసింది. దామోదర్ గారెను ఛాతీకి దగ్గరగా పట్టుకున్నాడు. గదిలోకి పోవాలి. కాళ్లు కదల్లేదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"అమ్మా, నీకు అబద్దం జెప్పిన," అన్నాడు. "ఆల్లందరు నా మొకం జూస్తుంటే అన్న గని, నాకు మనసొప్పలే. నువ్వు ముట్టలేదు, మంచిగ జేసినవ్. నేను మాట వాపస్ దీస్కుంటున్న. మళ్ల ఓడెక్కుత. ఇంటికొస్త, నాయినను సూస్కుంట, మళ్ల పోత. గిది నీకు ఇష్టం లేకుంటే..."

అక్కడే ఆగాడు. ఇష్టం లేకపోతే ఏం చేయాలో అతనికే తెలియదు. కళ్లు నిండిపోయి ముందున్నదేమీ కనపడలేదు. రెక్కల చప్పుడు ఒకటి వినపడింది, వేలి మీద చురుక్కుమంది, చేయి ఖాళీ అయింది.

పైనుంచి చీఫ్ ఆఫీసరు కేక వేశాడు. గబగబా దిగొచ్చి, దానికి పెట్టావా అని గద్దించాడు. లేదు సార్, చేతిలోంచి గుంజుకున్నది అని దామోదర్ రక్తం కారుతున్న వేలు చూపించాడు. అది నిజమే. ఆయన వేలు చూశాడు, అతని మొహం చూశాడు. పోయి మందు రాయించుకో అని మాత్రం అని పైకెళ్లిపోయాడు. దామోదర్ మందు కోసం పోలేదు. ఫోన్ దగ్గరికి పోయాడు.

విజయ ఎత్తింది. ఈసారి కూడా పిట్ట ముట్టలేదు, దినాలకు వచ్చినవాళ్లంతా తినిపోయారు, నాయిన మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు అని చెప్పింది. "అమ్మ ఆకలితోనే పోయిందిరా తమ్ముడూ" అని ఏడ్చింది.

"తిన్నదక్కా."

"ఏంటి?"

"అమ్మ తిన్నది. గీడ. నా చేతిలున్న గారె గుంజుకొని తిన్నది."

ఏ పిట్ట, ఎట్లా ఉంటుంది, ఎక్కడ కూర్చుంది, ఎటు పోయింది అని ఆమె అడుగుతూ పోయింది. అతను ఒక్కొక్కటీ చెప్పాడు. అడగాల్సింది ఇంకొకటి మిగిలిందని ఇద్దరికీ తెలుసు.

"ఏం మాటిచ్చావ్?" అంది.

"ఇయ్యలే. ఇచ్చింది వాపస్ దీస్కున్న. మళ్ల ఓడెక్కుత అని జెప్పిన. గప్పుడే ముట్టింది."

ఆమె తిడుతుందని అతను ఫోన్ చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు. అవతల ముక్కు చీదిన చప్పుడు, తర్వాత మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. విజయ మాట్లాడింది గానీ, అతనితో కాదు.

"నాయినా, లెవ్వు. లేచి అన్నం తిను. అమ్మ తిన్నదంట."